ఎనభై మూడో పేజీలో గళ్ళు

డాక్టరేటు రోజున తన పక్కన నిలబడమని మా అమ్మాయి యోరిన్ నన్నే అడిగింది. మా దేశంలో అదొక ఆనవాయితీ. నల్ల గౌన్లు వేసుకున్న ప్రొఫెసర్లు వరసగా కూర్చుని గంటసేపు ప్రశ్నలు వేస్తారు. పరీక్ష ఎదుర్కొనే మనిషికి అటొకరు ఇటొకరు తోడుగా నిలబడతారు. ఒకవైపు దాని స్నేహితుడు షూర్డ్, రెండోవైపు నేను. పదహారో ఏట బడి మానేసి గాజు కప్పు వేసిన తోటల్లో టమాటాలు ఏరడానికి పోయినదాన్ని!

"కళ్ళు తిరిగి పడిపోతే? నువ్వు జవాబు మర్చిపోయి నా మొహం చూస్తే నేనేం చెయ్యాలే?"

"ఏం చెయ్యక్కర్లేదమ్మా. నోరు మూసుకుని నిలబడాలి. గంటసేపంటే నీకు కష్టమేలే, ఒప్పుకుంటా."

మే నెలతో యూనివర్సిటీలో దాని కాంట్రాక్టు అయిపోయింది. గది ఖాళీ చేసి నాల్ద్‌వైక్‌లో నా ఇంటికి వచ్చేసింది. పట్టా చేతికొస్తే సెప్టెంబరులో ఇన్స్‌బ్రుక్‌లో ఉద్యోగం. పట్టా రాకపోతే లేదు. ఆ ముక్క ఒక్కటే నాకు బాగా అర్థమైంది, అందుకే నిద్ర పట్టేది కాదు. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దుతుందేమో, ప్రొఫెసరుకి గుండెపోటు వస్తుందేమో, ఆ వారమే రైళ్ళ సమ్మె వస్తుందేమో అని భయాలు. నేను భయపడ్డవాటిలో ఒక్కటీ జరగలేదు.

మరీ మొద్దులా నిలబడకూడదని దాని థీసిస్ పుస్తకం తీసుకుని చదవడం మొదలుపెట్టాను. అచ్చు అయిపోయి అందరికీ పంపిన పుస్తకం అది. నాలుగు రోజులు కుస్తీ పట్టినా రెండో పేజీ దాటలేదు. చివరికి దాన్నే అడిగాను.

"క్వాంటం కంప్యూటరులో లెక్క అంటే అడుగు వెనక అడుగు వెయ్యడమే అనుకో," అంది కాఫీ కలుపుతూ. "ఎన్ని అడుగులు వేస్తే అన్ని తప్పులు పోగవుతాయి. రెండు వందల అడుగులయ్యేసరికి ఏమీ మిగలదు. నేను ఏం చేశానంటే, ప్రతి అడుగూ ముందే నిర్ణయించకుండా, మధ్యమధ్యలో ఆ చిప్పు చేతే బొమ్మా బొరుసూ వేయించాను. ఏది పడితే దాన్నిబట్టి తర్వాతి అడుగు. రెండు వందలు కాస్తా నలభై అయ్యాయి."

"గుడ్డిగా వేస్తే దారి దగ్గరవుతుందా?"

"అయింది కదా. అదే నా నాలుగేళ్ళు."

నాకది కొంత అర్థమైనట్టే ఉంది. మేమూ లారీలో పెట్టెలన్నీ విప్పం. తోచిన పెట్టెలో తోచిన చోట చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీస్తాం, లోడు సంగతి తెలిసిపోతుంది. కాకపోతే చెయ్యి ఎప్పుడూ దగ్గరున్న పెట్టె మీదికే పోతుంది, దాన్ని అదుపులో పెట్టుకోవాలి.

శనివారం మధ్యాహ్నం, అక్షరాలు ఎలాగూ ఎక్కడం లేదని బొమ్మలు చూస్తున్నాను. ఎనభై మూడో పేజీలో చిన్న చిన్న గళ్ళు, కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. బొమ్మా బొరుసులు ఎలా పడ్డాయో అలా గీసి చూపించారట. నూట పదిహేడులో మళ్ళీ అలాంటిదే. ముప్పై ఏళ్ళుగా బెల్టు మీద పోయే కాయల్లో మచ్చ వెతికే కళ్ళు నావి. వాటికి ఇంకో పని రాదు.

"యోరిన్, ఒకే బొమ్మ రెండుచోట్ల వేశారే వీళ్ళు."

"ఒకటి కాదు. మొదటిది మూడేళ్ళ కిందటిది. రెండోది ఈ చలికాలంలో, వేరే చిప్పు మీద తీసింది."

"ఒకటేనే. ఇదుగో, మూడు నల్లవి, ఒక తెల్లది, రెండు నల్లవి. ఇక్కడా అంతే. కింది వరస కూడా అంతే."

"అబ్బా, నీకు ప్రపంచమంతా టమాటాలేనమ్మా," అని నవ్వుతూ వచ్చి నా భుజం మీంచి వంగింది.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు గర్వంగా ఉంది. అచ్చుతప్పు పట్టుకున్నాననుకున్నాను. అంతమంది ప్రొఫెసర్లకి కనబడనిది నాకు కనబడిందని తోటలో నాతో పనిచేసే రీట్‌కి చెప్పుకుందామనుకున్నాను. యోరిన్ వేలు పెట్టి ఒక్కొక్క గడీ చూసింది. వేలు మధ్యలో ఆగిపోయింది. కోటు తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళిపోయింది.

ఆదివారం సాయంత్రం వచ్చింది. స్నానం లేదు, తిండి లేదు.

నాలుగేళ్ళ కిందట మొదటి వారంలో చిప్పు పనిచెయ్యక, ప్రోగ్రామును పరీక్షించడానికి బొమ్మా బొరుసుల జాబితా ఒకటి తనే రాసి పెట్టుకుందట. చిప్పు జవాబు ఆలస్యమైతే ఆ జాబితా చదువుకోమని ప్రోగ్రాములో ఒక వరస రాసింది. తర్వాత ఆ వరస తీసెయ్యడం మర్చిపోయింది. చిప్పు జవాబు ప్రతిసారీ ఆలస్యంగానే వచ్చేది. నాలుగేళ్ళూ ప్రోగ్రాము ఆ ఒక్క జాబితానే చదివింది. చిప్పు వేసిన బొమ్మా బొరుసు ఒక్కసారి కూడా వాడలేదు.

"అయినా నలభై అడుగుల్లో లెక్క వచ్చింది కదా?"

"ఆ జాబితాకి సరిపోయేలా మిగతాదంతా నేనే సర్దుకుంటూ వచ్చానమ్మా, తెలియకుండానే."

"ఎవరికి తెలుసు?"

"నాకు. నీకు."

"అయితే ఇంకేం! అయిదుగురు ప్రొఫెసర్లు చదివారు, ఎవరి కళ్ళా పడలేదు. పట్టా తీసుకో, ఇన్స్‌బ్రుక్ వెళ్ళు, అక్కడ తీరిగ్గా దిద్దుకో. నీ కాళ్ళు పట్టుకుంటానే తల్లీ."

"పొద్దున్నే ప్రొఫెసరుకి చెప్పేశాను."

దాని పరిశోధన చూసే ప్రొఫెసరు ఫాన్ హాఫ్టన్ మంచివాడే. కోప్పడలేదు. చిప్పు మీద అయిదు రోజులు ఇప్పించాడు. ఆ వరస తీసేసి, అసలైన బొమ్మా బొరుసుతో మళ్ళీ నడపమన్నాడు. ఆ అయిదు రోజులూ నేను ఏరిన కాయల్లో కుళ్ళినవి ఎన్ని పోయాయో నాకే తెలియదు. బెల్టు ఆపి రీట్ కేకలేసింది.

"ఏమైందే నీకు? డాక్టరు గారి తల్లివైతే కళ్ళు నెత్తికెక్కాలా?"

శుక్రవారం యోరిన్ గుమ్మంలోనే చెప్పింది.

"నలభై సరిపోవమ్మా. నూట తొంభై ఆరు కావాలి."

"రెండు వందలకి నాలుగు తగ్గాయిగా?"

నవ్విందో ఏడ్చిందో ఆ చప్పుడు నాకు తెలియలేదు. "కొలతలో పొరపాటే అంతకన్నా ఎక్కువుంటుంది," అంది.

పరీక్ష రద్దయింది. ఇన్స్‌బ్రుక్ నుంచి మర్యాదగా రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. మళ్ళీ మొదటినుంచి చెయ్యాలంటే ఏడాదిన్నర పడుతుందనీ, జీతం ఇవ్వలేమనీ, చిప్పు ఇంకొకళ్ళకి ఇచ్చేశామనీ ఫాన్ హాఫ్టన్ చెప్పాడు. షూర్డ్ ఒకసారి కేకు పట్టుకొచ్చాడు. ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం, ఎవరూ కొయ్యలేదు.

పరీక్ష జరగాల్సిన గురువారానికి ముందే పెట్టిన సెలవు రద్దు చేసుకోవడం మర్చిపోయాను, ఇంట్లోనే ఉండిపోయాను. వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నిజం చెప్పు. ఇలా అవుతుందని తెలిసుంటే ఆ రోజు నాకు చూపించేదానివా?"

దానికేం కావాలో నాకు తెలుసు. అది చేసింది సరైన పనేనని ఒక్కరైనా అనాలి. అనాల్సింది నేనే.

"లేదు," అన్నాను. "పుస్తకం మూసేసేదాన్ని."

తల ఊపింది.

"అయితే ఇది నా ఒక్కదాని పిచ్చేనన్నమాట," అని లేచి వెళ్ళిపోయింది.

ఆ మాట వెనక్కి తీసుకుందామని దాని గది తలుపు దాకా వెళ్ళాను. తీసుకుని ఏం చెప్పను? నిజంగానే మూసేసేదాన్ని.