వేపమండల కాపలా

డాక్టర్ మాలకు అరికాలి మంట నెత్తికెక్కింది. తానిచ్చిన మందు ట్యూబు సగానికి సగం ఖాళీ, రాయాల్సిన చోట మాత్రం చుక్క పడలేదు. ద్రాసా అనే ఊరి నుంచి కోడలు షీలాకు తోడుగా ఆసుపత్రికొచ్చిన అత్తగారు అమ్మణి ఆ మందంతా కోడలి పెదవులకు పూసేసింది!

ఫిట్స్‌కి వేసుకున్న మాత్ర ఒంటికి సరిపడక షీలా ఒళ్ళంతా బొబ్బలెక్కింది. కళ్ళలో, నోట్లో, యోనిలో కూడా పొర ఊడి పుండ్లయ్యాయి. ఇది మాత్ర చేసిన పని అని ఎంత చెప్పినా, అమ్మణి అమ్మవారు పోసింది, మాత వచ్చిందంటూ మంచానికి వేపమండలు కట్టింది.

"పెద్దమ్మా, నిన్న చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా! తడి అప్పడాలు ఒకదానిమీద ఒకటి పెడితే ఏమవుతుంది?"

"అతుక్కుంటాది."

"లోపలా అంతే. పుండ్లు మానేలోపు మందు రాసి, మెత్తటి గొట్టం పెట్టి ఉంచకపోతే గోడలు అతుక్కుపోతాయి. ముట్టు బయటికి రాదు. పిల్ల కాపురం చెయ్యలేకపోతుంది. తర్వాత కోసి విడదీయాలి. అదీ కుదురుతుందో లేదో!"

"నోటికైతే మాతని అడిగి రాసినా, బేటీ. కిందకి ఎట్లా అడిగేది? శరమ్ లేదా?"

మాల నెత్తి కొట్టుకుంది. ఇన్నేళ్ళ డాక్టరీలో రోగితో, రోగంతో, మొగుళ్ళతో వాదించింది గానీ, దేవతను అడగడానికి సిగ్గుపడే అత్తగారు తగలడం ఇదే మొదలు.

"అమ్మవారూ ఆడదే కదమ్మా! ఆవిడ దగ్గర సిగ్గేమిటి, నా ఖర్మ కాకపోతే!"

అప్పుడు మంచం మీంచి షీలా చెయ్యి కదిలింది. పెదవులు విడవక మాట రాని పిల్ల, బొబ్బల అరచెయ్యి ట్యూబు కోసం చాచింది. అంతదాకా ఆమెను అడగాలన్న బుద్ధి ఇద్దరిలో ఒక్కరికీ పుట్టలేదు. మాల గబగబా గ్లవ్స్ తొడుక్కుని, ఏం చేయబోతోందో ఆమెకే చెప్పింది. షీలా తలూపింది.

సరిగ్గా అప్పుడే షీలా మొగుడు ముకేష్ మంచం చుట్టూ ఉన్న తెర పక్కకు లాగబోయాడు. అమ్మణి వేపమండ పీకి వాడి మీదకు ఝళిపించింది.

"అవతలికి పోరా! లోపల ఆడోళ్ళం నలుగురం ఉన్నాము!"

మాల లెక్క చూసుకుంది. షీలా, అమ్మణి, తను. ముగ్గురే. నాలుగో ఆవిడ ఎవరో తట్టేసరికి, అంత చిరాకులోనూ నవ్వొచ్చింది. వంగి పని మొదలుపెట్టింది.