జేబు కనబడని చొక్కా

భూతద్దం మేడమ్ ఇంకా ఆరుగురి అవతలే ఉంది, కానీ నిచ్చెన అప్పుడే మూడోసారి కాలరు తడుముకుంది.

సోమవారం ప్రేయరు అయ్యాక పదో తరగతి ఆడపిల్లలంతా గ్రౌండులో వరసగా నిలబడాలి. మేడమ్ మెల్లగా నడుస్తూ బూట్లు, సాక్సులు, స్కర్టు పొడుగు, జడ రిబ్బన్లు, చివరికి కాలరు వెనక్కి తిప్పి లోపల స్కూలు పేరు నేసిన లేబులు కూడా చూస్తుంది. ఆవిడ వైస్ ప్రిన్సిపల్. గుండీ ఊడిపోవడం సరే, గుండీ కుట్టిన దారం రంగు కాస్త తేడాగా ఉన్నా పట్టేస్తుంది కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టుకున్నారు. నిచ్చెన పేరు కూడా పిల్లలు పెట్టిందే, సెలవుల్లో ఒక్కసారిగా బెత్తెడు పొడుగు పెరిగిపోయి వచ్చిందని.

పక్కనే వాగుడుకాయ నిలబడి ఉంది. ఒకటో తరగతి నుంచీ ఇద్దరూ ఒకే బెంచీ. అది పెదాలు కదపకుండా గొణిగింది. "ఏమే, మొహమేంటి అలా సున్నం కొట్టినట్టుంది? ఊపిరి పీల్చు. నువ్వు పడిపోతే మోసే ఓపిక నాకు లేదు."

"నోరు మూసుకోవే. చూస్తోంది."

"లేబులుంది కదా. ఇంకెందుకు భయం?"

ఎందుకంటే ఆ లేబులు పాత చొక్కాది. కొత్త చొక్కా నాన్న కుట్టింది.

ఆ స్కూల్లో యూనిఫాం స్కూలు స్టోరులోనే కొనాలి. బయట కుట్టిస్తే ఎర్ర స్లిప్పు. మూడు ఎర్ర స్లిప్పులు పడితే టీసీ చేతిలో పెట్టి పంపించేస్తారు. పదో తరగతి మధ్యలో టీసీ తీసుకున్న పిల్లని ఏ స్కూలు చేర్చుకుంటుంది? ఈ ఏడాది పరీక్షలు గోవిందా. నిచ్చెనకి ఇప్పటికే రెండున్నాయి, రెండూ ఒకే నేరానికి. పాత చొక్కా పొట్టిదైపోయింది, చెయ్యెత్తితే చాలు స్కర్టులోంచి బయటికొచ్చేస్తోంది. పోనీ కొత్తది కొందామని స్టోరుకి వెళ్తే స్టోరు అంకుల్ తల గోక్కున్నాడు. "నీ సైజు స్టాకు లేదమ్మా. రెండు నెలలు పడుతుంది."

నాన్న టైలరు. విషయం విని కత్తెర బల్ల మీద పడేశాడు. "పొట్టిదేసుకుంటే స్లిప్పు, బయట కుట్టిస్తే స్లిప్పు. మరి పిల్ల ఎదగడం మానేయాలా ఏంటి?"

"నువ్వు కుట్టు నాన్నా. అచ్చం స్టోరు చొక్కాలాగే."

"లాగే ఏంటి తల్లీ, దాని తాతలా కుడతాను."

"వద్దు! బాగా వద్దు! స్టోరుది ఎంత చెత్తగా ఉంటే అంత చెత్తగా!"

నాన్న మొహం చూడాలి, ఎవరో చెంప మీద కొట్టినట్టు. అయినా పిల్ల కోసం ఒప్పుకున్నాడు. అదే మిల్లు గళ్ళ గుడ్డ ఎక్కడో వెతికి తెచ్చాడు. వాగుడుకాయ అరువిచ్చిన స్టోరు చొక్కాని నమూనాగా బల్ల మీద పరుచుకుని ఆదివారమంతా కూర్చున్నాడు. కుట్లు దూరం దూరంగా వేశాడు. కాజాల చివర దారాలు వేలాడేసి, "ఇవి చూడు, ఎలక కొరికినట్టున్నాయి, ముప్ఫై ఏళ్ళ చెయ్యి ఇది," అని మూలిగాడు. "ఇంకో రెండు దారాలు వేలాడనీ నాన్నా," అంది నిచ్చెన. అమ్మా తనూ చొక్కాని వెలుతురులో పెట్టి కాలరు, కఫులు, గుండీలు, అంచు, అన్నీ పోల్చి చూశారు. ఎక్కడా తేడా లేదు.

ఇప్పుడు ఆ తేడా లేని చొక్కాలో చెమటతో తడిసిపోతూ నిలబడి ఉంది.

మేడమ్ వచ్చేసింది. చల్లటి వేళ్ళు మెడ వెనక కాలరు తిప్పాయి. ఒకటి, రెండు, మూడు. వదిలేశాయి. మేడమ్ వాగుడుకాయ దగ్గరికి జరిగింది. హమ్మయ్య, బతికిపోయాను అనుకుంది నిచ్చెన, అనుకుంటూ ఉండగానే మేడమ్ తల వెనక్కి తిరిగింది.

"నీ జేబేది?"

"ఆఁ?"

"జేబు. చొక్కాకి జేబుండాలి కదా. ఏది?"

నిచ్చెన కిందకి చూసుకుంది. నిజంగానే జేబు లేదు! నాన్న జేబు మర్చిపోయాడా? తడుముకుంది. ఉంది. వేళ్ళకి తగులుతోంది, కళ్ళకి మాత్రం ఆనడం లేదు. మేడమ్ వంగి రెండు వేళ్ళు లోపల పెట్టి జేబుని కాస్త తెరిచి చూసింది, తర్వాత వాగుడుకాయ జేబు చూసింది, తర్వాత వరసంతా చూసింది. అందరి చొక్కాల మీదా జేబు గళ్ళు ఒక దారిన, చొక్కా గళ్ళు ఒక దారిన పోతున్నాయి. దూరం నుంచి చూసినా అతికించినట్టు తెలుస్తుంది. నిచ్చెన చొక్కాకి మాత్రం అడ్డం గీతకి అడ్డం గీత, నిలువుకి నిలువు, నీళ్ళలో నీళ్ళు కలిసిపోయినట్టు కలిసిపోయాయి. నాన్న కాజాలు చెడగొట్టాడు, కుట్లు చెడగొట్టాడు, కానీ జేబు పెట్టేటప్పుడు గళ్ళు కలపకుండా పెట్టొచ్చన్న ఆలోచన కూడా ఆయనకి వచ్చి ఉండదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. జేబు కనబడితే కదా, ఆదివారం అమ్మా తనూ దాన్ని పోల్చి చూడ్డానికి!

"ఆఫీసు రూముకి రా," అంది మేడమ్.

ఆఫీసు రూములో ఫ్యాను టకటకమంటోంది. బల్ల మీద ఎర్ర స్లిప్పుల పుస్తకం, దాని మీద మూత తీసిన పెన్ను. నిచ్చెన ఆ పెన్ను వైపు చూడకూడదనుకుంటూ దాన్నే చూస్తోంది. టీసీ కాగితం ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు, కానీ ఇప్పుడు కళ్ళముందు కనిపిస్తోంది, నాన్న దాన్ని కొలతల పుస్తకంలో మడిచి పెట్టుకోవడం కూడా కనిపిస్తోంది.

మేడమ్ కబురు పెడితే స్టోరు అంకుల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఇది నీ స్టోరుదేనా చూడు," అంది మేడమ్.

అంకుల్ నిచ్చెన చొక్కా చేతి అంచు పట్టుకుని కాస్త మడిచి లోపలి కుట్టు చూశాడు. చూడగానే ఆయన వేలు ఆగిపోయింది. తలెత్తి నిచ్చెన మొహం చూశాడు. తెలిసిపోయింది! ఆయనకి తెలిసిపోయిందని నిచ్చెనకీ తెలిసిపోయింది. ఇంక పెన్ను కాగితం మీద పెట్టడమే మిగిలింది.

"మాదే మేడమ్," అన్నాడు అంకుల్.

నిచ్చెన గభాల్న ఆయన వైపు చూసింది. అంకుల్ మేడమ్ వైపు చూడకుండా జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. అప్పుడర్థమైంది, ఆయనా భయపడుతున్నాడు. స్టాకు లేదన్న సంగతి బయటికొస్తే ముందు పోయేది ఆయన ఉద్యోగమే.

"మీదైతే మిగతావాళ్ళవి ఇలా లేవేం?"

"కొత్త లాటు మేడమ్."

"అలాగా. ఆ లాటులో ఇంకో నాలుగు పట్రా. ఇప్పుడే. చైర్మన్ గారు రేపొస్తున్నారు, చూపిద్దాం."

అంకుల్ కదల్లేదు. నుదుటి మీద చెమట బొట్టు కనుబొమ్మ దాకా జారింది. ఫ్యాను టకటకమంటూనే ఉంది. ఇంకో అయిదు నిమిషాల్లో ఆ నాలుగు చొక్కాలు రావని తెలుస్తుంది, అప్పుడు తనతోపాటు ఈయన కూడా పోతాడు, తన కోసం అబద్ధమాడిన మనిషి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా నాన్న కుట్టాడు మేడమ్."

"ఏంటీ?"

"మా నాన్న టైలరు. ఆయనే కుట్టాడు. లేబులు పాత చొక్కాది."

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని పెన్ను తీసుకుంది. "రూలు తెలుసుగా? తెలిసీ బయటెందుకు కుట్టించావు?"

దానికి జవాబుంది. స్టాకు లేదు మేడమ్ అనాలి, అంతే. అంటే తను బతుకుతుందేమో. పక్కన అంకుల్ నేల చూస్తున్నాడు. నిచ్చెన పెదవి కొరుక్కుంది.

"అడుగుతుంటే వినబడట్లేదా? ఎందుకు కుట్టించావు?"

"నా దగ్గర ఆ పిల్ల సైజు లేదు మేడమ్," అన్నాడు అంకుల్ నేల చూస్తూనే. "రెండు నెలల్నుంచీ లేదు. పెద్ద సైజులేవీ లేవు."

పెన్ను కాగితం మీద ఆగింది. నిచ్చెన ధైర్యం చేసి తలెత్తి చూసింది. మేడమ్ గోడవైపు చూస్తోంది. అక్కడ స్టీలు బీరువా మీద స్టోరు రిజిస్టరుంది.

"అన్ని సైజులూ ఉన్నాయని పోయిన నెల చైర్మన్ గారికి సంతకం పెట్టిచ్చానయ్యా," అంది మేడమ్ నెమ్మదిగా. "నువ్వు చెప్తేనే కదా పెట్టాను."

"తొందర్లో వచ్చేస్తుందనుకున్నాను మేడమ్."

"అనుకున్నావా? నా పీక మీద కూర్చుని అనుకున్నావా?" ఆ గొంతు ఎప్పుడూ వినేది కాదు. సన్నగా, పైకి పోతున్న గొంతు. అమ్మో, ఈవిడ కూడానా అనుకుంది నిచ్చెన, దాంతో భయం తగ్గకపోగా ఇంకా పెరిగింది. పెద్దవాళ్ళకే కాళ్ళు వణుకుతుంటే తనెవర్ని పట్టుకోవాలి?

మేడమ్ స్లిప్పుల పుస్తకం మూసేసింది. "విను. రేపు చైర్మన్ గారు వరసలో నడుస్తారు. నీ చొక్కా అందరి చొక్కాల్లో ఒకటిలా ఉండాలి. ఆ జేబు విప్పేసి మామూలుగా పెట్టమను మీ నాన్నని. ఆయన నీ దగ్గర ఆగి ఒక్క ప్రశ్న వేశారా, మూడో స్లిప్పు నేనే రాస్తాను. అర్థమైందా?"

సాయంత్రం కొట్లో నాన్న ఎవరి ప్యాంటో కుదిస్తున్నాడు. నిచ్చెన బ్యాగు కింద పెట్టకుండానే గడగడా చెప్పేసింది.

"జేబు కనబళ్ళేదా ఆవిడకి?" నాన్న మొహం వెలిగిపోయింది. "వేలు పెట్టి వెతుక్కుందా?"

"నవ్వకు నాన్నా! నన్ను పంపించేసేవాళ్ళు!" నిచ్చెనకి ఏడుపు తన్నుకొచ్చింది, పొద్దుటినుంచీ పట్టుకున్నదంతా. నాన్న నవ్వు ఆగిపోయింది. నిచ్చెన మార్చుకుని తెచ్చిన చొక్కా అందుకుని బ్లేడుతో జేబు కుట్లు విప్పాడు. వంకరగా పెట్టి సూది గుచ్చాడు. చూస్తే గళ్ళు కలిసే ఉన్నాయి. మళ్ళీ విప్పాడు. ఈసారి కళ్ళు మూసుకుని పెట్టాడు. మళ్ళీ కలిశాయి.

"నా వల్ల కావట్లేదు తల్లీ," అన్నాడు చిన్నగా. నానమ్మ పోయినప్పుడు కూడా నాన్న గొంతు అలా వినలేదు.

నిచ్చెన సూది తీసుకుంది. సగం గడి కిందకి, కాస్త పక్కకి జరిపి, వేలు పొడుచుకుంటూ కుట్టింది. నాన్న అటు తిరిగి ప్యాంటు కుదిస్తూ కూర్చున్నాడు.

మర్నాడు చైర్మన్ వరసలో నడిచాడు. వెనకే మేడమ్, చేతిలో స్లిప్పుల పుస్తకం. ఆయన వాగుడుకాయని దాటి నిచ్చెన ముందు ఆగాడు. ఆగాడు!

"బాగా పొడుగున్నావే. నీ సైజు దొరికిందా మన స్టోరులో?"

ఆయన భుజం పక్కనుంచి మేడమ్ కళ్ళు కనిపించాయి, పెద్దవిగా, రెప్ప వెయ్యకుండా. పుస్తకం పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి.

"దొరికింది సార్," అంది నిచ్చెన.

"గుడ్," అని ఆయన కదిలాడు. మేడమ్ అక్కడే ఒక్క క్షణం ఉండిపోయింది. వాగుడుకాయ పక్కనుంచి, "ఏమైందే, ఏమైంది?" అని గొణుగుతూనే ఉంది. నిచ్చెనా మేడమూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి కళ్ళు దించేసుకున్నారు.