ఊట ఉందన్న చోటు

"దుంపలు మరీ మెత్తగా ఉడకనియ్యకు. నిన్న తీగ సరిగ్గా సాగలేదు, నా పరువు పోయింది," అన్నాడు ఫెర్నాన్ వంటింటి గుమ్మంలో నిలబడి. లోపలికి మాత్రం రాలేదు.

ఒదిల్ తలెత్తలేదు. చెక్కు తీసిన బంగాళాదుంపని నీళ్ళలో పడేసి ఇంకోటి అందుకుంది. దుంపలు కడిగేది, ఉడకేసేది, మెదిపేది ఆమె. వెన్న, మీగడ, తాజా చీజు వేసి, పడవ తెడ్డంత గరిటెతో భుజం పడిపోయేదాకా కలిపేదీ ఆమే. ముద్ద నున్నబడి గరిటెకి తీగలా సాగే వేళకి ఫెర్నాన్ ఇస్త్రీ చేసిన నీలం ఆప్రాన్ కట్టుకుని వస్తాడు, గిన్నె ఎత్తుకుపోతాడు. భోజనాల బల్ల ముందు గరిటెని తలకంటే ఎత్తుకి లేపి ఆ తెల్లటి తీగని సాగదీస్తాడు. యాత్రికులందరూ చప్పట్లు కొడతారు, ఫోటోలు తీసుకుంటారు. ఒబ్రాక్ కొండల మీద ఈ దుంపల ముద్దని, అలిగోని, వండటం మగవాళ్ళ విద్య అని ఫ్రాన్సు దేశమంతా పేరు. ఆ పేరు అలా వచ్చింది. ఆప్రాన్ ఇస్త్రీ చేసేది ఎవరని ఎవరూ అడగరు.

స్పెయిన్‌లో ఉన్న పునీత యాకోబు సమాధికి పోయే కాలిదారి వాళ్ళ గుమ్మం ముందు నుంచే పోతుంది. మంచు కరిగిన దగ్గర్నుంచి మళ్ళీ మంచు పడేదాకా జనం తూర్పు నుంచి వస్తారు, వీళ్ళ సత్రంలో ఒక రాత్రి పడుకుంటారు, తెల్లారి పడమటికి పోతారు. పోయినవాళ్ళు మళ్ళీ కనపడరు. యాత్ర ముగిశాక రైలెక్కి ఇళ్ళకి పోతారు. ఒదిల్‌కి వాళ్ళ మొహాలు గుర్తుండవు. దుప్పట్లు గుర్తుంటాయి. పొక్కులు చితికి రక్తం అంటిన దుప్పట్లు, నొప్పులకి రాసుకున్న నూనె జిడ్డు పట్టిన దుప్పట్లు. పెళ్ళైన కొత్తలో ఒకసారి, "నేనూ నడిచి చూస్తాను, ఒక్కరోజు," అంది. అత్త లియోనీ ఎండుగడ్డి ధర చెప్పినంత మామూలుగా, "పాపాలు చేసినవాళ్ళు నడుస్తారు. నువ్వేం చేశావ్?" అని అడిగింది. ఫెర్నాన్ నవ్వాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. పట్నానికి పోయినా వ్యాన్‌లో తారురోడ్డు మీద పోవడమే, సరుకులు ఒళ్ళో పెట్టుకుని.

ఆమెకంటూ ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే. భోజనాలయ్యాక, చీజు పళ్ళేలు తిరుగుతుండగా, బల్ల చివర నిలబడి మర్నాటి దారి చెప్పడం. అప్పుడు అందరూ నోళ్ళు మూసుకుని ఆమె వంక చూస్తారు. మొదట్లో ఫెర్నాన్ చెప్పేవాడు. విసుగొచ్చి ఆమెకి అప్పగించాడు, అతని మాటలే, అతని వరసలోనే. "ఎడమ పక్కన రాతి సిలువ వస్తుంది, అది దాటండి. గోడ వారగా పోతే ఊట వస్తుంది. మంచులాంటి నీళ్ళు. ఇక్కణ్ణుంచి నీళ్ళు మోసుకుపోకండి, ఎక్కుడు దారి, బరువెందుకు? ఊట దాటాక పెద్ద చెట్ల అడవి, కిందికి దిగేదాకా నీడే." చెప్తుంటే ఆ నీళ్ళ చల్లదనం ఆమె గొంతులోనే తగిలేది. ఎన్నేళ్ళుగా చెప్తోందో, తను అక్కడ ఎన్నోసార్లు కూర్చుని దోసిలితో తాగినట్టే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం, సత్రం ఇంకా తెరవని వేళ, ఒకావిడ వచ్చి తలుపు కొట్టింది. వచ్చింది పడమటి నుంచి. ఒదిల్‌కి ముందు అర్థం కాలేదు, ఎవరో దారి తప్పారనుకుంది.

"తప్పలేదమ్మా, తిరిగి పోతున్నా," అంది ఆవిడ బ్యాగు దించుతూ. పేరు గ్రీత్, బెల్జియం మనిషి. అరవై దాటి ఉంటాయి, ఎండకి ముక్కు తోలు ఊడిపోయి ఉంది. "వసంతంలో ఇక్కడే పడుకున్నా. అక్కడిదాకా పోయి మళ్ళీ కాళ్ళతోనే ఇంటికి పోతున్నా. పూర్వం అందరూ అలాగే పోయేవాళ్ళు, అప్పుడు రైళ్ళెక్కడివి? అలిగో చేసేది మీ ఆయన కదూ? దారి చెప్పేది నువ్వు."

"నేనే," అంది ఒదిల్, కాస్త సంతోషంగా.

"నిన్ను తిట్టుకున్నంతగా మా ఆయన్ని కూడా తిట్టుకోలేదు తల్లీ!" గ్రీత్ పెద్దగా నవ్వింది. "ఆ ఊట ఎక్కడుంది? సిమెంటు పోసి ఇనప మూత బిగించారు. నీళ్ళన్నీ గొట్టం వేసి ఎవరి దొడ్డికో తోలుకున్నారు. మూత తుప్పు చూస్తే నిన్న మొన్నటిది కాదు. నీ మాట నమ్మి అందరం ఖాళీ సీసాలతో ఎక్కాం. నాతో వచ్చిన లియాన్ ఊరి ముసలాయన అక్కడే కళ్ళు తేలేశాడు. నీడలో పడుకోబెడదామంటే అడవి ఏదీ?"

"ఆయన..."

"బతికాడులే. అంబులెన్సు మనుషులు స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. అతని యాత్ర మాత్రం అక్కడే ఆగిపోయింది." సీసా నింపుకుని, బ్యాగు ఎత్తుకుంటూ అడిగింది. "నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావ్ దాన్ని?"

ఒదిల్ కుళాయి కట్టేసింది. కట్టిన కుళాయినే మళ్ళీ బిగించింది.

గ్రీత్ పోయాక ఆమెకి పని సాగలేదు. పై గదిలో పరుపు పరచబోయి కిందికి దిగింది, ఎందుకు దిగిందో మర్చిపోయి మళ్ళీ ఎక్కింది. ఎందరికి చెప్పి ఉంటుంది? పిల్లల్ని వీపున కట్టుకున్న తల్లులకి, కీమో చేయించుకుని జుట్టు ఇంకా పూర్తిగా రాని ఆ అమ్మాయికి, భర్త బూడిద బ్యాగులో పెట్టుకుపోయిన ఆవిడకి, అందరికీ నీళ్ళు మోయకండి అని నవ్వు మొహంతో చెప్పింది. వాళ్ళందరూ ఆ మూత దగ్గర నిలబడి తన మొహం తలుచుకుని ఉంటారు. తిరిగొచ్చి చెప్పేవాళ్ళు లేని దారి మీద ఏ అబద్ధమైనా ఎన్నేళ్ళైనా బతుకుతుంది. అబద్ధం అని కూడా తెలియదు దానికి.

ఫెర్నాన్ ఆపిల్ సైడర్ సీసాలు దించుతుంటే అడిగింది. "ఆ ఊట నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావ్?"

"ఏ ఊట? ఆ... మా నాన్నతో దూడల్ని తోలుకెళ్ళినప్పుడు. మీసాలు కూడా రాలేదు నాకప్పుడు. ఏం?"

"అది లేదట. మూసేశారట. ఒక ముసలాయన పడిపోయాడట."

"అయితే?"

"అయితేనా? నాచేత చెప్పించావ్ కదా ఇన్నేళ్ళూ!"

"ఎవడైనా తిరిగొచ్చి నిన్నేమైనా అన్నాడా? ఇవాళ ఒక పిచ్చిది వచ్చింది, అంతే. చూడు ఒదిల్, యాత్ర అంటే కాస్త కష్టపడాలి. దాహమెయ్యకపోతే పుణ్యమేముంది?"

కిటికీ పక్కన బీన్స్ వలుస్తున్న లియోనీ తల కూడా తిప్పకుండా అంది. "నా కోడలు దారి కనిపెట్టేసిందిరా. పొయ్యి మీద సూపు పొంగుతోంది, అది కనిపెట్టమను."

ఒదిల్ పొయ్యి తగ్గించింది.

ఆ సాయంత్రం అలిగో తీగ బాగా సాగింది. చప్పట్లయ్యాయి. ఒదిల్ బల్ల చివరికి వచ్చి నిలబడింది. "రేపు నీళ్ళు మోసుకుపొండి," అంది. "మధ్యలో ఊట లేదు."

యాత్రికుల్లో జర్మనీ వాళ్ళిద్దరు దారి పుస్తకం తీశారు. ఫెర్నాన్ గిన్నె పట్టుకుని ఆమె పక్కకి వచ్చాడు, భుజం మీద చెయ్యి వేశాడు. "ఉంది, ఉంది. నేను పుట్టి పెరిగిన కొండ ఇది. మంచులాంటి నీళ్ళు. మా ఆవిడ గుమ్మం దాటి ఎరగదు. దారి అడిగితే ఇంట్లో దిండ్లెన్నో చెప్తుంది!"

బల్ల బల్లంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, కడుపు నిండినవాళ్ళ నవ్వు. అది మరీ మండించింది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఊట గురించి అబద్ధం, ఆమె గురించి నిజం. రెండూ ఒకే నోటితో ఒకే ఊపిరిలో చెప్పాడు, జనం రెండూ నమ్మారు. ఒదిల్ ఖాళీ పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. అతని చెయ్యి భుజం మీద నుంచి జారిపోయేలా వంగి, అన్నిటికంటే దూరంగా ఉన్న పళ్ళెం అందుకుంది.

తెల్లారి కాఫీలు ఇచ్చింది, రొట్టె కోసింది. యాత్రికులు బూట్లు కట్టుకునే హడావుడిలో ఉండగా కనిపించిన ప్రతి సీసా నింపి చేతిలో పెట్టింది. మొహమాటానికి తీసుకున్నవాళ్ళు తీసుకున్నారు. ఒకాయన నవ్వి, వాకిట్లో పారబోశాడు. ఒదిల్ గట్టు మీద ఎవరో వదిలేసిపోయిన బూట్లు తొడుక్కుంది. రెండు సీసాలు చేతిసంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?" అంది లియోనీ.

"చూసొస్తాను అత్తమ్మా."

"దుప్పట్లు?"

"వచ్చి ఉతుకుతాను."

అప్పటికి ఆమె మనసులో ఉన్నదీ అంతే. చూసి, మధ్యాహ్నానికి వచ్చెయ్యాలి. దుంపలు ఎప్పుడు పొయ్యెక్కించాలో లెక్కలు వేసుకుంటూనే నడిచింది. గోడల అవతల ఆవులు, కాటుక పెట్టినట్టున్న కళ్ళతో, ఈమె ఎందుకు నడుస్తోందో అన్నట్టు చూశాయి. కాళ్ళు నడుస్తున్నాయి గాని చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. వాషింగ్ మెషిన్ ఆపానా? రొట్టెలవాడు వస్తే ఎవరు తీసుకుంటారు? తల ఇంట్లోనే ఉండిపోయింది, కింద భాగం మాత్రం కొండెక్కుతోంది. రాతి సిలువ వచ్చింది. తను చెప్పినట్టు అది ఎడమ పక్కన లేదు. కుడి పక్కనుంది.

గోడ వారగా పోయింది. ఇనప మూత కనపడింది. వీధిలో మురుగు కాలవ మీద వేసేలాంటి మూత, చుట్టూ పేడ. దాని మీద చెయ్యి పెట్టింది. లోపల నీళ్ళు పోతున్న చప్పుడు సన్నగా తెలుస్తోంది. పొద్దున సీసా పారబోసినాయన కొంచెం అవతల రాయి మీద కూర్చుని ఉన్నాడు, మొహం ఎర్రగా కమిలింది. ఆమెని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. ఒదిల్ ఒక సీసా ఇచ్చింది. ఆయన గటగటా తాగి, "మీరన్నదే నిజం మదాం," అన్నాడు తలొంచుకుని.

ఆ మాట వింటే సంతోషం వేస్తుందనుకుంది. వెయ్యలేదు. తను అన్నదీ వేరేవాళ్ళు చెప్పిందే కదా, నిన్న గ్రీత్ చెప్పింది. ఇప్పుడే చూసింది తను. చూసింది కాబట్టి పని అయిపోయింది, వెనక్కి పోవాలి. మరి అడవి? అడవి లేదంది గ్రీత్. ఎంత లేదు? మొత్తం లేదా? రాత్రి ఏం చెప్పాలి బల్ల ముందు? అదొక్కటి చూసి పోదామని మలుపు తిరిగింది.

కొండవాలు సగం బోడిగా ఉంది, నరికిన మొదళ్ళు. మిగతా సగంలో లేత మొక్కలు మోకాళ్ళ ఎత్తున ఉన్నాయి, వాటి నీడ కుందేలుకి కూడా చాలదు. అక్కడా ఆగలేదామె. ఆగుదామనుకున్న ప్రతిచోటా ముందు ఇంకోటి కనపడింది. కూలిన వంతెన ఉంటుందని చెప్పేది, కొత్తది కట్టారు. కుక్క ఉందని చెప్పే పొలంలో కుక్క లేదు, ఇద్దరు ఆడపిల్లలు ట్రాక్టరు బాగుచేస్తున్నారు. ఇన్నేళ్ళు తను చెప్పిన దారి ఎక్కడా లేదు. మొగుడి చిన్నతనాన్ని తను రోజూ వడ్డించింది, అంతే. మడమ ఒరుసుకుపోయి మంట పుట్టింది. ఆ మంటకి తల చివరికి కాళ్ళ దగ్గరికి దిగి వచ్చింది. దుప్పట్ల మాట ఎప్పుడు మర్చిపోయిందో ఆమెకే తెలియలేదు.

కొండ దిగువ ఊళ్ళో చర్చి ముందు బెంచీ మీద కూర్చునేసరికి ఫోన్ మోగింది. ఎక్కడున్నావని ఫెర్నాన్ అడిగాడు. చెప్పింది. కాసేపట్లోనే వ్యాన్ వచ్చి ఆగింది. ఇంజను ఆపలేదు, లోపలి నుంచే తలుపు తెరిచాడు.

"ఎక్కు. అమ్మ దుంపలు పొయ్యి మీద పెట్టేసింది. ఇవాళ ఇల్లు నిండా జనం."

"ఊట లేదు ఫెర్నాన్."

"సరే, లేదు. లేదనే చెప్దాం."

"అడవి కూడా లేదు."

"అదీ చెప్దాం! నువ్వే చెప్పు, నువ్వేగా చూశావ్. ఇక నిన్నెవరూ ఏమీ అనరు. చాలా? పొద్దుపోతోందే, ఎక్కు."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం ఇంత తేలికైతే నిన్న ఎందుకు నవ్వించాడు నలుగురిలో? ఒదిల్ కుంటుకుంటూ వ్యాన్ దగ్గరికి వెళ్ళింది. అలవాటుగా ఒక కాలు పైన పెట్టింది. ఆమె సీటులో గుడ్ల అట్ట ఉంది.

"అది ఒళ్ళో పెట్టుకో," అన్నాడు అతను, గేరు మీద చెయ్యి వేసి. "మలుపుల్లో పగిలిపోతాయి."

ఒదిల్ అట్ట ఎత్తింది. రెండు చేతులా జాగ్రత్తగా పట్టుకుని, వంగి, అతని ఒళ్ళో పెట్టింది. కాలు కిందికి దించి తలుపు మూసింది.

"ఏయ్! ఇదేంటి? బండి ఎలా నడపను?" కిటికీలోంచి అరిచాడు. గుడ్లు కదిలిపోతాయని కదల్లేకపోయాడు.

"రాత్రికి ఇక్కడి సత్రంలో ఉంటాను. పొద్దున్నే ముందుకి పోతాను."

"ముందుకి ఎక్కడికి? ఎన్నాళ్ళు? బల్ల మీద నేనేం పెట్టను వాళ్ళకి?" అతను గొంతు తగ్గించాడు. అంత మెత్తగా మాట్లాడగలడని ఆమెకి తెలియదు. "సరే. నీ ఇష్టం. ఒక్కరోజు. రేపు బండి ఎక్కడికి తెమ్మంటావో అదన్నా చెప్పు. ముందు వచ్చే ఊరేదో నీకు తెలుసు కదా?"

తెలుసు. ఆ ఊరు, దాని తర్వాతి ఊరు, యాకోబు సమాధి దాకా ఉన్న ఊళ్ళన్నీ వచ్చేపోయే జనం నోట విని విని ఆమెకి కంఠతా వచ్చు. మొదటి పేరు నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"నేను చూడని ఊరి గురించి ఇక చెప్పను," అంది ఒదిల్.