సన్నగొట్టం మీది ముడి

గడ్డం గీసుకునే కుంచెను సబ్బునురగలో ముంచి, లావు రబ్బరు గొట్టం అతుకు మీద నెమ్మదిగా రాస్తున్నాడు స్తామెన్. గొట్టం లోపలికి పంపుతో గాలి ఎక్కించాడు. ఎక్కడ సందున్నా నురగలో బుడగ లేవాలి. లేవలేదు. పక్క అతుకు దగ్గరికి జరిగాడు. ఆ జానెడు జరగడానికే బానెట్ అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆగాల్సి వచ్చింది.

మనిషి పొడగరి. ఏళ్ల తరబడి ఇంజన్ల మీద వంగి వంగి మెడ ముందుకు వచ్చేసింది. పెళ్లినాడు కూడా గోళ్లలో నలుపు పోలేదని భార్య గీనా ఇప్పటికీ దెప్పుతుంది. కొండ కనుమకు పోయే రోడ్డు పక్కన, పైన ఇల్లు, కింద షెడ్డు. వచ్చేవి ట్రాక్టర్లు, పాల వ్యాన్లు.

ఈ ఎర్ర కారు వెస్కోది. పాత కారుకి టర్బో బిగించి, కొండెక్కే పందేలకు తయారుచేసింది స్తామెనే. అలాంటిది ఇంకొకటి చేసే ఓపిక ఇక తనకు లేదని అతనికి తెలుసు. మార్చిలో రంకె వేసిన బండి రానురాను నీరసించింది. ఒక్కసారిగా ఆగిపోతే కారణం చప్పున దొరుకుతుంది. కొంచెం కొంచెంగా పోతుంటే, అలవాటైపోయి ఎవరికీ తెలియదు.

"వదిలెయ్ బాబాయ్," అన్నాడు వెస్కో, గుమ్మంలో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ. "రేపు బండిని ఎక్కించుకుపోవడానికి లారీ వస్తోంది. ప్లోవ్‌దివ్ పట్నంలో వేరే ఇంజన్ వేయిస్తా. దీన్ని తుక్కుకిచ్చేస్తా. ముసలిదైపోయింది."

"ముసలిదా? నీ పెళ్లి కన్నా చిన్నదిరా ఇది."

"నా పెళ్లీ ఇలాగే నడుస్తోందిలే. మొదటి మలుపులో హుషారు, రెండో మలుపులో దగ్గు."

స్తామెన్ నవ్వబోయాడు. నవ్వు కాస్తా దగ్గయి కూర్చుంది.

"సాయంత్రం దాకా ఆగరా."

"సాయంత్రం దాకానే. తర్వాత నన్ననకు."

గాలి వడపోత శుభ్రంగానే ఉంది. సైలెన్సర్ పూడిపోలేదు. టర్బో లోపలి రెక్కల్ని వేలితో తిప్పితే సాఫీగా తిరిగాయి. అన్నీ బాగానే ఉన్నాయి, ఊపిరే చాలడం లేదు.

మధ్యాహ్నం గీనా రొట్టె, తెల్లజున్ను, టమాటాలు పట్టుకుని దిగింది. పళ్లెం పెట్టి, అతని ముఖం చూసింది.

"ఏమయ్యా, పెదాలు నల్లబడుతున్నాయి. డాక్టరు దగ్గరికి ఎప్పుడు?"

"పందెం అయ్యాక."

"కిందటిసారి ద్రాక్షకోత అయ్యాక అన్నావు."

"కోత అయింది కదా?"

"కోత అయింది. నువ్వెళ్లావా?"

అతను రొట్టె తుంచాడు. ఆమె మెట్లెక్కి పోయింది.

తిన్నాక చేతులు కడుక్కుని, దీపం ఆర్పేశాడు. కళ్లు మూసుకుని, వేళ్లతో ఒక్కొక్క గొట్టాన్నీ మొదట్నుంచి చివరిదాకా తడిమాడు. టర్బోలో ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే చిన్న తలుపు ఒకటుంది. దాన్ని తోసే గాలిలో కొంత బయటికి వదిలే సన్నగొట్టం అతను సొంతంగా అమర్చినదే. ఆ గాలి పోతుంటేనే తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, బండికి బలం ఉంటుంది. ఇంజన్ వెనక, ఆ సన్నగొట్టం మీద వేలికి ఏదో తగిలింది. గట్టి ముడి.

దీపం వెలిగించాడు. నూనెకు నల్లబడిన ఉన్నిదారం. పక్కకు తిప్పితే ఎరుపు, తెలుపు.

ఏటా మార్చి ఒకటిన గీనా ఈ ఎరుపు తెలుపు దారం అందరికీ కడుతుంది. కొంగలు తిరిగి వచ్చేదాకా ఆరోగ్యంగా ఉండాలని గొర్రెపిల్లలకు, గేటుకు, పొరుగు పిల్లలకు. తనకు మాత్రం వద్దంటాడు, మిషన్లో చిక్కుకుంటుందని. "నీకొద్దంటే నీ ముద్దుల బండికే కడతా, ఎవరో ఒకరు బాగుండాలిగా" అని విసురుగా షెడ్డులోకి వచ్చింది ఈ మార్చిలో. స్టీరింగుకు కట్టిందనుకున్నాడు. వేడికీ చెమ్మకూ ఉన్ని బిగిసింది, రబ్బరు మెత్తబడింది, గొట్టం గొంతు రోజురోజుకూ నొక్కుకుపోయి, ఆ తలుపు తొందరగా తెరుచుకోసాగింది. గాలి కారితే కదా, బుడగ లేవడానికి.

కత్తెర అందుబాటులోనే ఉంది. తీయలేదు. గోళ్లతో చాలాసేపు తిప్పలుపడి ముడి విప్పాడు. గొట్టం మార్చాడు.

"ఏమిటి బాబాయ్ రోగం?" సాయంత్రం వచ్చిన వెస్కో అడిగాడు.

"సన్నగొట్టం నలిగింది."

"దానంతటదే ఎలా నలుగుతుంది?"

స్తామెన్ పైకి చూశాడు. కిటికీలో గీనా బల్లగుడ్డ దులుపుతోంది.

"వేడికి," అన్నాడు. "పో, కనుమ దాకా తోలి రా."

వెస్కో వెళ్లాక, కొంగలెప్పుడో వచ్చేశాయని గుర్తొచ్చింది. ఆనవాయితీ ప్రకారం దారాన్ని ఈపాటికి విప్పి చెర్రీ కొమ్మకు కట్టి ఉండాల్సింది. గీనా చూడకుండా తర్వాత కడదామని, పానాలు తగిలించే మేకుకు వేశాడు. గుమ్మం పక్కన పెట్టుకున్న పాత కారు సీటులో కూలబడి, చెవి రోడ్డు మీద పెట్టాడు. తిరగలి మలుపు. చెలమ మలుపు. ఇన్నాళ్లూ ఇక్కడే దగ్గేది. ఇప్పుడు ఒకటే రంకె, పైకి, ఇంకా పైకి.

"దగ్గు పోయిందా?" పైనుంచి అడిగింది గీనా.

"పోయింది," అన్నాడు.

వెస్కో హారన్ కొట్టుకుంటూ దిగివచ్చాడు. "బాబాయ్, లారీ వద్దని చెప్పేస్తున్నా! చెలమ దగ్గర నన్ను సీటుకు అతికించేసింది..." అంటూ తలుపు తీశాడు. గుమ్మం పక్క సీటులో స్తామెన్ తల కొండవైపు వాలి ఉంది. వెస్కో దిగి భుజం పట్టి కదిపాడు, ఊపిరి లేదు. వెనక్కి వచ్చి, కారులోకి చేయి పెట్టి ఇంజన్ ఆపాడు. ఆ నిశ్శబ్దానికి గీనా మెట్లు దిగింది.

షెడ్డు లోపల మేకుకు దారం వేలాడుతోంది. ముడి విప్పినా, సన్నగొట్టాన్ని చుట్టుకున్న ఆ చిన్న గుండ్రం మాత్రం దానికి ఇంకా పోలేదు.