బల్లలు దిగని ఆదివారం

ఆదివారం పొద్దున అందరికన్నా ముందొచ్చి చర్చి తలుపు తీసేది వడ్రంగి. రాగానే వంగి బల్లల కాళ్లు చూస్తాడు. ఎక్కడన్నా రబ్బరు ముక్క ఊడితే మేకు కొడతాడు. ఆ చర్చిలో జనం మనసుపెట్టి పాడితే బల్లలు నేల వదిలి లేస్తాయి, పాట అయ్యాక దిగుతాయి. దిగేటప్పుడు కాళ్లు విరక్కుండా ఆ రబ్బరు. బల్ల కింద సంచులు పెట్టొద్దని పిల్లల్ని కసురుతారు తప్ప ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకున్నదల్లా ఎవరి పాటకు లేవాలన్నదే. వడ్రంగి కాళ్లతో తొక్కే ఆర్గాన్ మీద తాతలనాటి కీర్తనలు వాయిస్తాడు. బల్లలు నిదానంగా జానెడు లేచి ఉయ్యాల్లా ఊగుతాయి. అతని చెల్లెలు, బస్సు కండక్టరు, కుర్రకారును పోగేసి డ్రమ్స్‌తో, గిటార్‌తో కొత్త పాటలు పాడిస్తుంది. అప్పుడవి మోకాలెత్తు ఎగిరి ధబీమని దిగుతాయి.

"మా నడుములు విరుగుతున్నాయే తల్లీ!" అనేవాళ్లు పెద్దవాళ్లు.

"మా అన్నయ్య పాటకి సగంమంది గాల్లోనే గురకపెడుతున్నారు. అదేనా భక్తి?" అనేది ఆమె.

ఏం జనం! దేవుడికి రెండు చెవులున్నాయి కదా అని ఒకటి వీళ్లూ, ఒకటి వాళ్లూ పంచుకున్నారు. అమ్మానాన్నలు పోయాక ఒకే దుప్పట్లో పెరిగిన అన్నాచెల్లెళ్లు, ఆకలినాడు విడిపోనివాళ్లు, తాళం దగ్గర విడిపోయారు.

"ఊరవతల హాలు మాట్లాడుకున్నాం," అని చెల్లెలు ఒకరోజు తేల్చేసింది. "పక్కనే నాకో గది కూడా చూసుకున్నా. ఈ ఆదివారం ఆఖరి పాట పాడేసి, మావాళ్లతో వెళ్లిపోతాను."

అన్న రంపం ఆపలేదు. "పోతే పో. నాకు మేకులన్నా మిగుల్తాయి."

ఆ పూట కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచిపోయాడు.

ఆదివారం వచ్చింది. సామాను ఎక్కించడానికి వ్యాను గుమ్మంలోనే ఆగింది. చెల్లెలు పాట అందుకుంది. దిగులుకి గొంతు అదుపు తప్పి, మొదలే మరీ పైన పట్టుకుంది. బల్లలు ఎన్నడూ లేనంతగా, కిటికీల పైఅంచు దాకా లేచాయి. చరణంలో ఇంకా పైకి వెళ్లాల్సిన చోట గొంతు జీరబోయి ఆగిపోయింది. కంగారుపడి కుర్రాళ్లూ వాయించడం ఆపేశారు. అంతెత్తున బల్లలు ఊగిసలాడి, జారడం మొదలెట్టాయి.

ముందు బల్ల మీద దర్జీ ముసలమ్మ అంచు పట్టుకుని అరిచింది. "ఒరేయ్ వడ్రంగీ, గుడ్లప్పగించి చూస్తావేంరా! పడ్డానంటే నన్ను అతికించే మేకు నీ దగ్గర లేదు!"

ఆ పాట తనకు రాదని వడ్రంగి ఊరంతా చెప్పుకున్నాడు. రోజూ వంటింట్లో చెల్లెలు కూనిరాగం తీస్తుంటే చెవులు మూసుకుంటాడా మరి? ఆర్గాన్ తొక్కి, శ్రుతి దించి ఇచ్చాడు.

"ఇక్కడ పట్టుకో, చిట్టీ. ఊపిరి తీసుకుని."

ఆమె కళ్లు తుడుచుకుని పట్టుకుంది. డ్రమ్స్ అమ్మాయి కర్రలు పక్కనపెట్టి, వేళ్లతో మెల్లగా తాళం వేసింది. ముసలి గొంతులు కింది స్థాయిలో నిలబడితే కుర్ర గొంతులు వాటి మీద నడిచాయి. బల్లలు జారడం ఆగింది.

పాట అయిపోయింది. బల్లలు దిగలేదు. పాస్టరుగారు పైనుంచే ఆమేన్ అన్నారు. కాసేపాగి ఇంకొంచెం గట్టిగా అన్నారు. ఊహూ, దిగలేదు. వెళ్లిపోవాల్సిన కుర్రాళ్లు, వాళ్ల చేతులు పట్టుకున్న ముసలివాళ్లు, అందరూ పైనే ఉన్నారు.

వ్యాను డ్రైవరు హారన్ కొట్టి కొట్టి లోపలికొచ్చాడు. తలెత్తి చూశాడు. "సామాను ఎక్కించమంటారా అమ్మా?"

"మమ్మల్నిలా వేలాడదీసి పోతారటర్రా?" అంది పైనుంచి ముసలమ్మ. "ఇంకోటి పాడండి!"

చెల్లెలు అన్న వైపు చూసింది. అతను ఆర్గాన్ పెడల్స్ మీంచి కాళ్లు తియ్యలేదు.

"వద్దు బాబాయ్," అంది డ్రైవరుతో. "ఇవాళ వెళ్లం. రేపూ వెళ్లేలా లేం. కూర్చోండి."

ఆర్గాన్, డ్రమ్స్ కలిసి అందుకున్నాయి. ఎవరూ కూర్చోక కిందే మిగిలిన ఒకే ఒక్క బల్ల మీద డ్రైవరు ఒద్దికగా కూర్చున్నాడు. పాట రాక పెదాలు మాత్రం కదిపాడు. రెండో చరణానికి అతని కాళ్లు కూడా నేలకి అందలేదు.