చీటీ మీద 1939

చీటీ మీద 1939 అని అచ్చయి ఉంది. దాని కింద, గట్టి ప్లాస్టిక్‌ పలకలో బిగుసుకుపోయిన వెండి రూపాయి మీద మాత్రం 1938 అని ఉంది.

మద్దిలేటి కంటికి అద్దం బిగించుకొని మళ్లీ చూశాడు. ఎనిమిదే. లైటు దగ్గరికి జరిపి, పలకను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎట్లా తిప్పినా ఎనిమిది తొమ్మిది కాలేదు. అనంతపురం టవర్ క్లాక్ వెనక సందులో ఇన్నేళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాడు. ఆవగింజంత స్క్రూలను పోల్చుకునే కన్ను అది.

ఆ రూపాయి అతనిది కాదు. గార్లదిన్నె అవతలి పల్లెలో ఉన్న చెల్లెలు హేమావతి ఇంటిది.

ఉగాదికి వెళ్లినప్పుడు దేవుని గూట్లో రెండు తెల్ల రూపాయలు, పాతకాలం వెండివి, కనిపించాయి. పాత నాణేల మీద మద్దిలేటికి మొదట్నుంచీ మోజు. ఒకటి 1938ది, మామూలుదే. రెండోదాన్ని అద్దంలో చూసి ఎగిరి గంతేశాడు. 1939 రూపాయి! 1938 రూపాయలు ఏ వెండి కొట్లో అడిగినా దోసెడు పోస్తారు. ఇది మాత్రం సేకరించేవాళ్లు కళ్లు కాయలు కాచేలా వెతికే సరుకు.

"హేమా, ఇట్లాంటిది జిల్లాలో ఇంకోటి ఉండదు! దీన్ని అమెరికా కంపెనీకి పంపితే అసలుదో నకిలీదో తేల్చి, ఎంత బాగుందో మార్కులేసి, ప్లాస్టిక్ పలకలో సీలు చేసి, పైన చీటీ కొట్టి పంపిస్తారు. ఆ చీటీ ఉంటే కొనేవాడు కళ్లు మూసుకొని కొంటాడు. మీరు వేయించాలనుకునే బోరుకు దుడ్లొచ్చినట్లే."

తనే కాగితంలో చుట్టి, పిన్నులు కొట్టి, పైన బాల్‌పెన్నుతో 1939 అని రాశాడు. ఫారాలు తెప్పించేదాకా గూట్లోనే ఉంచమన్నాడు. "ఎవరూ ముట్టుకోవద్దు. చేతి చెమట తగిలితే మార్కులు పోతాయి" అని హెచ్చరించాడు. ఆషాఢంలో వెళ్లి పొట్లం తీసుకునేటప్పటికి పిన్నులు పిన్నుల్లాగే ఉన్నాయి. విప్పలేదు. ఆ కంపెనీకి నాణేలు చేర్చే బెంగుళూరు డీలరుకు అట్లాగే పంపాడు. అక్కణ్ణుంచి అది సముద్రాలు దాటిపోయింది.

ఇప్పుడు ఇట్లా తిరిగొచ్చింది.

మద్దిలేటి కొట్టు మూసి ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాడు. డీలరు అంతా విని తాపీగా నవ్వాడు.

"లేబుల్ తప్పు, అంతే కదా సార్. అప్పుడప్పుడూ అవుతాంటాది. వాపస్ పంపించండి, సరిచేసి ఇస్తారు. దుడ్లు గూడ తీసుకోరు."

"సరిచేసి ఏమని రాస్తారు?"

"1938 అని."

"అయ్యా, నేను పంపింది తొమ్మిది! అక్కడ ఎవరిదో దీంట్లో పెట్టినారు. మారిపోయింది!"

అవతల కాసేపు కంప్యూటరు మీటల టకటక వినిపించింది. "మారలేదు సార్. నాకు అందిన పొద్దే స్కాన్ తీసి పెట్టుకున్యా. ఇదో, ఎదురుగానే ఉండాది. ఎనిమిదే."

"మరి ఫారంలో తొమ్మిదని ఎట్లా రాసినావప్పా?"

"మీ పొట్లం మీద చూసి రాసినా. వాళ్లు నా ఫారం చూసి చీటీ కొట్టినారు."

"నువ్వు చూసుకోవద్దా?"

"మీరు చూసినారు గదా అనుకున్యా."

మద్దిలేటి రిసీవరు పెట్టేశాడు. అమెరికాలో మారలేదు. బెంగుళూరులోనూ మారలేదు. అంటే తన చేతిలోనో, చెల్లెలి ఇంట్లోనో మారాలి. ఆ ఇంట్లో తొమ్మిదికీ ఎనిమిదికీ తేడా తెలిసినవాళ్లెవరు? ఎంత ఆలోచించినా వేలు తిరిగి తిరిగి తన వైపే చూపిస్తోంది.

దాచి ఏం లాభం? మర్నాడు పొద్దున్నే పామిడి బస్సెక్కి గార్లదిన్నెలో దిగాడు. అక్కణ్ణుంచి ఆటో. దారి పొడవునా శెనక్కాయ చేలు జానెడు కూడా లేవకుండా ఎండిపోయి ఉన్నాయి.

హేమావతి చెంబుతో నీళ్లిచ్చింది. ఆమె మొగుడు సురేంద్ర పలకను ఎండకు పట్టి చూశాడు. అతని తండ్రి ఓబన్న గోడ నీడన పగ్గం పేనుతూ తల ఎత్తలేదు. మద్దిలేటి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. డీలరు స్కాన్ సంగతి కూడా చెప్పాడు. చెప్పేకొద్దీ అది తనకే దొంగ మాటలా వినిపించింది.

సురేంద్ర పలకను తిరిగి మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"బావా," అన్నాడు చివరికి, "మాకు ఎనిమిదైనా తొమ్మిదైనా అదే రాజు తలకాయి. తేడా తెలిసినోడివి నువ్వొక్కడివే. పొట్లం కట్టింది నువ్వు. ఎత్తుకోని పోయింది నువ్వు. మేం ఇంగెవురిని అడగల్ల?"

"సురేంద్రా, నేనట్లాంటోణ్నా?"

"గొర్రెల మందంతా అమ్మి ఏపిస్తే ఆ బోరు దుమ్ము కక్కింది. ఉండేది ఈ రూపాయొక్కటే అనుకుంటిమి. ఎట్లాంటోడివని ఎట్ల చెప్పేది బావా? నీ మీద గూడ చీటీ అంటిచ్చింటారా ఏమన్నా?"

హేమావతి చెంబు పట్టుకొనే నిలబడి ఉంది. "అన్నా," అంది మెల్లగా, "అవసరం పడి తీసుంటే తీసినానని చెప్పు. నేను కోపం చేసుకోను."

తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాటే మద్దిలేటికి ఎక్కువ గుచ్చుకుంది. తీయలేదని రుజువు చేయడానికి తన దగ్గర ఏముంది? తన చేతి రాత ఒక్కటే. అదే తనను పట్టించింది.

"ఏం చేస్తే నమ్ముతారు?" అన్నాడు.

"బోరు మీద పూజ చేసినాము. గంగమ్మ ఆడుండాది. నీళ్లియ్యకపోయినా నిజం చెప్పిస్తాది. దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యి," అన్నాడు సురేంద్ర.

"పద."

ముగ్గురూ చేను గట్టు పట్టి నడిచారు. పగ్గం పక్కన పడేసి ఓబన్న కూడా వెనక వస్తున్నాడని ఎవరూ చూసుకోలేదు. చేను మధ్యన, బోరులోకి దించిన కేసింగు పైపు మూరెడు నేలలోంచి మొలిచినట్లుంది. దాని నోటికి బండరాయి మూత. చుట్టూ వెలిసిపోయిన పసుపు, ఎండి గుండీలంతైన నిమ్మకాయలు. బోరు కక్కిన తెల్ల పొడి ఇంకా అక్కడక్కడా కుప్పలుగానే ఉంది.

మద్దిలేటి చెప్పులు విడిచాడు. తప్పు చేయలేదు, భయపడాల్సిన పని లేదు. అయినా ఈ ప్రమాణం చేశాక వీళ్లు నమ్మినా, రేపు చెల్లెలు తనకు అన్నం పెట్టేటప్పుడు ఈ బండరాయి ఇద్దరి మధ్యా ఉంటుంది. అరచెయ్యి చాచి వంగాడు.

"ఆడ చెయ్యి పెట్టొద్దు మద్దిలేటీ!"

ఓబన్న రొప్పుతూ వచ్చి, పైపు పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"నువ్వు రాకు నాయనా, మేం మాట్లాడుకుంటాండాం," అన్నాడు సురేంద్ర.

"ఏం మాట్లాడతారురా? ఆ రూపాయి దీని కిందనే ఉండాది." ముసలాయన ఎవరి ముఖమూ చూడలేదు. తెల్ల పొడిలోకి వేళ్లు దూర్చి అక్కడే చూస్తూ మాట్లాడాడు.

"నేనే పెట్టినా. నువ్వు పొట్లం కట్టిపోయినాక, బోరు బండొచ్చిన పొద్దు గంగమ్మకు తెల్ల రూపాయి పెట్టల్ల గదా. గూట్లో ఉత్తగా ఉండే రూపాయే ఎత్తుకోని బయల్దేరినా. సగం దావ పోయినాక మనసొప్పల్యా. గొర్రెలన్నీ అమ్మి ఏపిచ్చే బోరు. మంచిది మనం దాచిపెట్టుకోని, మామూలుది ఆ యమ్మకిస్తే నీళ్లెట్ల ఇస్తాది? మళ్లా ఇంటికొచ్చినా. పొట్లం పిన్నులు గోరుతో లేపి, మంచిదాన్ని తీసి మామూలుదాన్ని పెట్టి, మళ్లా ఒత్తినా. పైన నువ్వు రాసింది రాసినట్లే ఉండె, ఎవురు చూస్తారులే అనుకున్యా. నువ్వే గదప్పా చెప్పినావు, ఇట్లాంటిది జిల్లాలో ఇంగోటి లేదని? దేవతకు ఇచ్చేదానికి అంతకంటే ఏం కావల్ల? బోరెయ్యల్లని గుర్తు పెట్టిన పాయింటు మీద గుంత తీసి పెట్టినా. సురేంద్ర గూడ చూసినాడు, మామూలుదే అనుకున్యాడు. దాని మీదనే రాయి తొలిచే బిట్టు దించినారు. మద్యాన్నానికి దుమ్ము లేసింది, తెల్లగా, ఈ చేనంతా. ఆ దుమ్ములో రాయెంతో రూపాయెంతో ఎవురికెరుక? నువ్వు దొంగవి కాదప్పా. పొద్దు పొద్దూ చెప్పల్లనుకుంటి, నోరు రాల్యా. నీళ్లు పడింటే ఆ పొద్దే చెప్తాంటి. పడల్యా."