మూడు ముఖాల బొమ్మ

రాజరత్నం బొమ్మ నడుమును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. భార్య సత్యలక్ష్మి ఎడమచేత్తో దాని ముందుజుట్టు ఊడదీసి, నిన్నటి ముఖం లాగేసింది. డబ్బాలో వెతికి ఇంకో ముఖం తీసి నొక్కింది. టక్‌మంది. కోపం ముఖం.

"రాత్రి అన్నదానికేనా?" అన్నాడు. ఆమె గోడవైపు తిరిగింది.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా పడిపోయాక ఎడమచేతికి పని చెప్పమన్నారు డాక్టరుగారు. రాజరత్నం ఫోన్లో వెతికి ఈ జపాన్ కార్టూన్ పిల్లను తెప్పించాడు. వచ్చింది బొమ్మ కాదు, ప్లాస్టిక్ చట్రాలకు అంటుకున్న చిన్నచిన్న ముక్కలు. జిగురు లేదు, మేకు లేదు. అతను కత్తిరించి పట్టుకుంటే ఆమె నొక్కింది. గులాబీ జుట్టు, చేతిలో కత్తి, ఎలా మడిస్తే అలా నిలిచే మోకాళ్లు. మొదటిసారి అది మంచం పక్క కిటికీలో ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు ఇద్దరూ నోళ్లు తెరుచుకుని చూశారు. పైగా దానికి మూడు ముఖాలు: నవ్వు, నిద్ర, కోపం. అప్పటినుంచీ సత్యలక్ష్మికి అవే మాటలు.

రాత్రి పప్పుగిన్నె ఒలికినప్పుడు, "ఎన్నిసార్లు తుడవను సత్యా, నేనూ మనిషినే!" అని కసిరాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు గానీ, తప్పయిందని మాత్రం అనలేదు.

బొమ్మనూ డబ్బానూ కిటికీలో పెట్టి, పక్కింటి సారికకు తాళం ఇచ్చి, నిడదవోలు స్టేషన్లో పాసింజరు ఎక్కాడు. తణుకులో పళ్లసెట్లు చేసే ల్యాబులో అతని ఉద్యోగం. ఎన్నడూ చూడని మనుషులకు పళ్లు కడుతుంటాడు. సత్యలక్ష్మి నోట్లోవీ అతను కట్టినవే. ఆమె పాత కోరపన్ను కాస్త వంకర. కొత్తదీ అలాగే ఉండాలని అప్పట్లో పట్టుబట్టింది. "అడిగి మరీ వంకర పెట్టించుకునేదాన్ని నిన్నే చూశానే!" అని వెక్కిరిస్తూనే పెట్టాడు.

ఇవాళ చేతులు మైనం దిద్దుతున్నా మనసు కిటికీ దగ్గరే ఉంది. ముఖం మార్చాలంటే ఒకరు బొమ్మను పట్టుకోవాలి. తను వెళ్లేదాకా ఆమె ఆ కోపాన్నే చూస్తూ పడుకోవాలి. వెళ్లగానే తప్పయిందని చెప్పి బొమ్మ పట్టుకుంటే నవ్వు పెడుతుందా, పెట్టదా? రోజంతా అదే దిగులు. మెత్తగా ఉంటుందని సాయంత్రం ఆమె కోసం కోవా కొన్నాడు.

సందులోకి తిరగగానే కిటికీలో బొమ్మ నవ్వుతూ కనిపించింది. రాజరత్నానికి ప్రాణం లేచొచ్చింది. గుమ్మంలో సారిక ఎదురైంది.

"బొమ్మను నువ్వు పట్టుకున్నావా అమ్మా?"

"లేదు బాబాయిగారూ. మధ్యాహ్నం జావ పట్టి వెళ్లేటప్పుడు అది కోపంగానే ఉందండి. ఇందాక తొంగిచూస్తే పిన్నిగారు పడుకున్నారని లేపలేదండి."

సత్యలక్ష్మి కిటికీవైపు తిరిగి పడుకుని ఉంది. "తప్పయింది సత్యా," అన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

కార్యక్రమాలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లాక, ఒక పొద్దున బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. ఒంటిచేత్తో అది అయ్యే పని కాదు. తనకే రెండు చేతులూ చాలవు. మరెలా చేసింది? తిప్పితిప్పి చూస్తూ వెలుతురులోకి పట్టాడు. బొటనవేలితో దాని నడుము తడిమి చూశాడు. తను తప్పయిందని అనకముందే ఆమె క్షమించేసింది.

గులాబీ జుట్టు పిల్ల నవ్వుతూనే ఉంది. దాని నడుము మీద వరసగా సన్నని పంటిగాట్లు, చివరిది కాస్త వంకరగా.